పెయింట్ గీత

11 నవంబర్ 2007, ఆదివారం

భోజనాల దగ్గర సీత తేల్చి చెప్పేసింది. "ఈ ఇంట్లో ఇంకొక్కసారి సైకిల్ మాట వినబడితే, బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ అడుక్కుని తెనాలి వెళ్ళిపోతాను."

అందుకే ఈ డైరీ. జనవరిలో కంపెనీ వాళ్ళు ఇచ్చింది. పది నెలలు ఖాళీగా పడి ఉంది, అంటే నా జీవితంలో రాసుకోదగ్గది ఏదీ జరగలేదన్నమాట. ఇప్పుడు జరిగింది. ఈ ఉదయం డుమస్ రోడ్డు మీద నలభై కిలోమీటర్లు తొక్కడానికి గంటా పందొమ్మిది నిమిషాలు పట్టింది. పోయినేడు గంటా పద్నాలుగు. ఈ ఏడాదిలో రోడ్డు మారలేదు, గాలి మారలేదు. నేనూ మారలేదు. ఆరు కిలోలు పెరిగిన మాట నిజమే, అది చాలావరకు కండ. కాబట్టి తప్పు సైకిల్‌ది.

పాపం దానికీ వయసైంది. హజీరాలో మా ప్లాంటులో కొత్త యూనిట్ మొదలుపెట్టడానికి వచ్చిన డెన్మార్క్ ఇంజినీరు వెళ్ళిపోతూ ఆరేళ్ళ కిందట నాకు అమ్మాడు. అసలైన ట్రయథ్లాన్ సైకిల్. పసుపు రంగు అల్యూమినియం ఫ్రేము, మోచేతులు ఆనించి వంగి తొక్కే హ్యాండిల్. మొదట్లో దాన్ని చూసి సూరత్ జనం, "భాయ్, పడుకుని తొక్కుతున్నావేంటి, ఒంట్లో బాలేదా?" అని అడిగేవాళ్ళు. దాని మీద నాలుగు పోటీలు చేశాను. ఈత, సైకిల్, పరుగు. ఈతలో నేను మునగను, అంతవరకే చెప్పగలను. పరుగు గురించి చెప్పకపోవడం మర్యాద. సైకిల్ ఒక్కటే నాకు మిగిలిన పరువు. ఆ పరువు మీద నుంచి పోయిన ఫిబ్రవరిలో గోవాలో పుణే పళ్ళ డాక్టరు ఒకడు కార్బన్ సైకిల్ మీద దూసుకుపోతూ "గుడ్ జాబ్ అంకుల్" అన్నాడు. వాడికి ముప్ఫై ఎనిమిదికి తక్కువ ఉండవు. నాకు నలభై మూడే.

13 నవంబర్, మంగళవారం

ఆఫీసు బస్సు దిగి, ఇంటి దగ్గర సైకిల్ తీసుకుని భాగళ్‌లో హస్ముఖ్‌భాయ్ దుకాణానికి వెళ్ళాను. ఊళ్ళో ఇలాంటి సైకిల్‌ని చూసి నవ్వని మెకానిక్ ఆయనొక్కడే.

"హస్ముఖ్‌భాయ్, దీన్ని బాగు చేయించాలా, కొత్తది కొనాలా?"

ఆయన చక్రం తిప్పాడు, చెయిన్ లాగాడు, చాలాసేపు తల ఊపాడు. "సాహెబ్, చక్రాలు కొత్తవి వేద్దాం. గేర్లు కొత్తవి వేద్దాం. బ్రేకులు, చెయిన్, సీటు కూడా."

"అప్పుడు పాతది ఏం మిగుల్తుంది?"

"ఫ్రేము. ఇంకా మీరు."

14 నవంబర్

అప్‌గ్రేడ్. నిర్ణయం అయిపోయింది. మనసు తేలికపడింది.

15 నవంబర్

కొత్తది.

16 నవంబర్

అప్‌గ్రేడే. అంత మంచి ఫ్రేమును వదులుకోవడం మూర్ఖత్వం. ఆ డెన్మార్క్ వాళ్ళకి లోహం గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కొత్త చక్రాలు పడితే ఐదు నిమిషాలు ఎక్కడికి పోతాయి!

18 నవంబర్, ఆదివారం

కొత్త భాగాలు వేయించే ముందు బండి శుభ్రంగా ఉండాలని బాల్కనీలో తిరగేసి కడిగాను. కింది గొట్టం పెడళ్ళ దగ్గరికి వచ్చి కలిసే చోట, వెల్డింగు పక్కనే, వెంట్రుకంత సన్నటి గీత. రెండు సెంటీమీటర్లు ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. గోటితో గీస్తే గోరు కొంచెం తగులుకుంది.

పెయింట్ గీత. ఆరేళ్ళ పెయింట్ పగలదా మరి?

19 నవంబర్, సోమవారం

ఇవాళ ప్లాంటులో మంచి వినోదం. నా ఉద్యోగమే పగుళ్ళు వెతకడం. పైపులు, ట్యాంకులు, వాటి వెల్డింగులు. పదిహేడేళ్ళుగా జీతం దానికే ఇస్తున్నారు. వెల్డింగు కాంట్రాక్టరు జయంతీభాయ్ చేసిన ఆవిరి పైపు దగ్గర ఒక గీత కనబడింది. వేలు పెట్టి చూపించాను.

"సాహెబ్, అది పెయింట్ గీత!" అన్నాడు.

రంగు గీకించాను. ఎర్ర ద్రవం చల్లించాను. పది నిమిషాలు ఆగి తుడిపించి, పైన తెల్లటి పొడి కొట్టించాను. పగులు ఉంటే లోపలికి పోయిన ఎరుపు తెలుపులోంచి పైకి ఉబికి వస్తుంది. వచ్చింది. ఎనిమిది మిల్లీమీటర్లు. జయంతీభాయ్ మొహం ఆ పొడి కంటే తెల్లబడింది. నలుగురిలో అతనికి పావుగంట క్లాసు తీసుకున్నాను. "పెయింట్ అబద్ధం చెప్పదు జయంతీభాయ్, మనుషులు చెబుతారు" అన్నాను. ఆ వాక్యం నాకే బాగా నచ్చింది. అందుకే రాసుకుంటున్నాను.

ఎర్ర ద్రవం, తుడిచే మందు, తెల్ల పొడి, ఆ మూడు డబ్బాలు ఒకరోజు ఇంటికి తెచ్చుకుని చూసుకోవచ్చు. కానీ ఆఫీసు వస్తువులు సొంతానికి వాడటం నా పద్ధతి కాదు. (ఈ పెన్ను ఆఫీసుదే. పెన్ను సంగతి వేరు.) పైగా రంగు గీకితే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది.

22 నవంబర్, గురువారం

కొత్తది కొంటున్నాను. కార్బన్. ముంబై డీలరుతో ఫోన్లో మాట్లాడేశాను. కారణాలు అనేకం. బరువు తక్కువ, గాలికి అడ్డం తక్కువ, భవిష్యత్తు దానిదే. గీత ఆ కారణాల్లో లేదు.

సీతకి చెప్పాను. సైకిల్ మాట ఎత్తకూడదు కనక "ఒక వస్తువు వస్తోంది" అన్నాను. "పాత వస్తువు వెళ్తేనే" అంది. న్యాయమే. పాతది అమ్మేస్తాను. ఈతకొలను స్నేహితులకి అప్పుడే చెప్పేశాను.

24 నవంబర్, శనివారం

కార్పొరేషన్ ఈతకొలనులో ఇందుజ కనబడింది. లింబాయత్ అమ్మాయి, ఇరవయ్యేళ్ళు, కాలేజీలో బీకాం. తండ్రి కనకయ్య అక్కడే సాంచాల కార్ఖానాలో జాబరు, మరమగ్గం ఆగిపోతే మళ్ళీ నడిపించే మనిషి. తెలుగువాళ్ళమని తెలిసినప్పటి నుంచి ప్రతి శనివారం నన్ను పలకరిస్తుంది, ఆ తర్వాత చేపలా నన్ను దాటిపోతుంది. ఇవాళ దాటి వెళ్ళినదల్లా వెనక్కి తిరిగి వచ్చింది.

"సార్, మీరు సైకిల్ అమ్ముతున్నారంట, సాచ్చు, నిజమేనా? ఫిబ్రవరిలో గోవా రేసుకు నేను కూడా ఫారం నింపిన. స్విమ్మింగ్ ఉంది, రన్నింగ్ ఉంది. సైకిలే లేదు."

"సైకిల్ లేకుండా ఫారం ఎలా నింపావు?"

"ఫారంలో ఆ ప్రశ్న లేదు గదా సార్!"

ఈ పిల్ల బాగుపడుతుంది.

2 డిసెంబర్, ఆదివారం

తండ్రీ కూతుళ్ళు వచ్చారు. కిక్కిరిసిన సిటీ బస్సుల్లో, రెండు బస్సులు మారి. కనకయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. సీత టీ ఇచ్చింది.

ఇందుజ టౌన్‌షిప్‌లో మూడు చుట్లు తొక్కి వచ్చింది. నాలుగో చుట్టుకి పోబోతుంటే నేను పిలవాల్సి వచ్చింది. దిగి, "బాపూ, ఏకదమ్ మస్తుంది!" అంది. ఆరేళ్ళుగా ఆ సైకిల్ మీద నేను ఎలా కనిపిస్తున్నానో తెలియదు గానీ, ఇలా మాత్రం కాదు.

కనకయ్య మోకాళ్ళ మీద కూచుని చెయిన్ చూశాడు, చక్రాల పుల్లలు మీటి చూశాడు. మిషన్ల మనిషి. కొంచెం వంగి కిందికి చూస్తే అతనికే కనబడేది. వంగబోతూ నన్ను అడిగాడు.

"ఎప్పుడన్న దెబ్బ తాకిందా సార్?"

"పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. అక్కడక్కడ రంగు పోయింది, అంతే."

"రంగుదేముంది సార్." లేచి నిలబడ్డాడు. "మీరు గీ పనిలనే ఉంటరని మా పోరి జెప్పింది. ఇనుములో ఏడ పర్రె ఉన్నా పట్టుకుంటరంట గదా. ఇంక నేనేం జూసేది."

అడిగిన దానికంటే బాగా తగ్గించి ఇచ్చేశాను. ఇద్దరూ చాలాసార్లు దండం పెట్టారు. సైకిల్‌ని టెంపో మీద కట్టుకుని వెళ్ళారు.

సీత కప్పులు తీస్తూ, "అంత తగ్గించారేమిటి? మీకు ఆ అలవాటు లేదే!" అంది.

"ఆడపిల్ల. పోటీలకి వెళ్తోంది. ప్రోత్సహించాలి" అన్నాను.

నేను కనకయ్యతో అన్న మాటల్ని వాళ్ళు వెళ్ళాక రెండుసార్లు గుర్తు చేసుకున్నాను. ఒక్క అబద్ధం కూడా లేదు. పెద్ద దెబ్బలు తగల్లేదు. రంగు పోయింది.

4 డిసెంబర్

రంగు పోయింది అన్నాను కదా. అంటే గీత సంగతి కూడా చెప్పినట్టే.

22 డిసెంబర్, శనివారం

వచ్చింది! నల్లటి కార్బన్. అట్టపెట్టె విప్పుతూ ఉంటే సీత వచ్చి చూసి, "ఇంత డబ్బు పోసి రంగు కూడా వేయించుకోలేదా?" అంది. కళాహృదయం లేని ఇల్లు.

23 డిసెంబర్, ఆదివారం

డుమస్ రోడ్డు, నలభై కిలోమీటర్లు. గంటా పద్దెనిమిది నిమిషాల ఇరవై సెకన్లు.

నలభై సెకన్లు మెరుగు. ఒక్కో సెకనుకి ఎంత పడిందో లెక్క వేయబోయి మానుకున్నాను. ఎదురుగాలి ఉంది. వెళ్ళేటప్పుడూ ఎదురుగాలే, వచ్చేటప్పుడూ ఎదురుగాలే. సముద్రం పక్కన అలాగే ఉంటుంది.

30 డిసెంబర్, ఆదివారం

ఇందుజ ఫోన్ చేసింది, కలిసి తొక్కుదామని. సరే అన్నాను. నేర్పించడం పెద్దవాళ్ళ బాధ్యత.

మొదటి పది కిలోమీటర్లు నేర్పించాను. తర్వాత ఆమె వీపు చూస్తూ తొక్కాను. నా పాత పసుపు సైకిల్ నా కొత్త నల్ల సైకిల్‌ని వదిలేసి ఎయిర్‌పోర్టు మలుపు దగ్గర మాయమైపోయింది. డుమస్‌లో భజియాల బండి దగ్గర కూచుని నా కోసం కాచుకుని ఉంది. రెండు ప్లేట్లు తినేసింది కూడా.

"సార్, ఒక్కటి అడగాల. నిలబడి జోర్‌గా తొక్కితే కిందనుంచి టక్ టక్ అంటుంది. ఏంటిది?"

"నూనె పెట్టావా?"

"పెట్టిన."

"ఇంకొంచెం పెట్టు."

పెడతానంది. భజియాల డబ్బులు నేనే ఇచ్చాను, తను వద్దంటున్నా వినకుండా.

31 డిసెంబర్

పెడళ్ళ దగ్గర బేరింగు అయ్యుంటుంది. ఆరేళ్ళ బేరింగు. టక్ టక్ అనడం బేరింగుల సహజ గుణం.

6 జనవరి 2008, ఆదివారం

కొత్త డైరీ. ఈసారి కంపెనీ వాళ్ళు పేజీకో సూక్తి కూడా వేశారు. ఈ రోజుది చదవలేదు.

ఇందుజ ఫోన్. ఈ వారం ఫ్లైఓవర్ ఎక్కుతూ దిగుతూ ప్రాక్టీసు చేస్తోందట, సూరత్‌లో ఇంకేం కొండలున్నాయని. దిగేటప్పుడు మీటరులో నలభై ఎనిమిది చూపించిందట. "సార్, గాల్లో ఉడ్తున్నట్టే ఉంది!" అంది.

జాగ్రత్త అన్నాను.

13 జనవరి, ఆదివారం

రేపు ఉత్తరాయణ్. ఊరంతా గాలిపటాలు, రోడ్లకి అడ్డంగా మాంజా దారాలు. ఏటా సైకిళ్ళ వాళ్ళ, స్కూటర్ల వాళ్ళ మెడలు కోసుకుపోతాయి. ఇందుజకి నేనే ఫోన్ చేశాను. మెడకి రెండు చుట్లు మందపాటి చున్నీ కట్టుకోకుండా బయటికి రావొద్దని, అసలు రెండు రోజులు సైకిలే తీయవద్దని గట్టిగా చెప్పాను. ఫోన్ ఇమ్మని తీసుకుని కనకయ్య, "ఇంత ఫికరు మా సుట్టాలు గూడ జేయరు సార్" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను. దారం సంగతి అంత బాగా చెప్పగలిగాను.

14 జనవరి

సీత అడిగింది. "మీరు సైకిల్ మాట ఎత్తి మూడు వారాలైంది. ఒంట్లో బాగానే ఉందా?"

"నువ్వేగా ఎత్తొద్దన్నావు."

"నేను ఎన్నో వద్దన్నాను. ఏది విన్నారు?"

17 జనవరి, గురువారం

జయంతీభాయ్ మిఠాయి పెట్టెతో నా గదిలోకి వచ్చాడు. నవంబర్‌లో నేను తిరగ్గొట్టిన పైపుని మళ్ళీ వెల్డు చేశాడు కదా, నిన్న దాంట్లోకి ఆవిరి వదిలారు. ఎక్కడా ఏమీ కారలేదు.

"సాహెబ్, ఆ లైను పక్కనే మా బావమరిది డ్యూటీ. ఆ రోజు మీరు పట్టుకోకుండా, సరే పెయింటే అని వదిలేసి ఉంటే..." అని ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు. "నలుగురిలో తిట్టారని అప్పుడు మీ మీద కోపం వచ్చింది. మాఫ్ కరో" అన్నాడు.

పేడా ఒకటి నోట్లో పెట్టాడు. నమలలేకపోయాను. తలనొప్పి అని సగం పూట సెలవు రాసి ఇంటికొచ్చేశాను.

18 జనవరి, శుక్రవారం

స్టోరులో సంతకం పెట్టి మూడు డబ్బాలు తీసుకున్నాను. దేనికి అనే చోట "తనిఖీ" అని రాశాను.

19 జనవరి, శనివారం

పొద్దున్నే ఇందుజకి ఫోన్ చేశాను. వజ్రమ్మ ఎత్తింది, వాళ్ళమ్మ. "పిల్ల సైకిల్ మీద వోయింది సార్. ఫోన్ ఇంట్లనే ఇడిసిపెట్టింది."

"ఎక్కడికి?"

"పుల్లు మీద ఎక్కుడు దిగుడు చేస్తది గదా, గాడికే." పుల్లంటే ఆ ఫ్లైఓవరే.

స్కూటరు మీద హజీరా నుంచి లింబాయత్‌కి ఎంతసేపట్లో వెళ్ళానో, దారిలో ఎన్ని సిగ్నళ్ళు దాటానో తెలియదు. ఫ్లైఓవర్ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగాను. పసుపు రంగు ఎక్కడా లేదు. ఒకచోట జనం గుంపుగా ఉంటే స్కూటరు రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తాను. చెరుకురసం బండి.

ఇల్లు కార్ఖానా పైన. కింద సాంచాలు దడదడలాడుతుంటే మెట్లు అదురుతున్నాయి. కనకయ్య రాత్రి పాళీ చేసి వచ్చి అప్పుడే మొహం కడుక్కున్నాడు. నన్ను చూసి కంగారు పడ్డాడు. "ఏమైంది సార్?"

"ఏం లేదు. సైకిల్ ఒకసారి చూద్దామని."

"గింత దూరం గందుకొచ్చిన్రా!" వజ్రమ్మ టీ ఇచ్చింది. కూచున్నాను. గోడ మీద ఈత పతకాలు మేకులకి వేలాడుతున్నాయి. కింద మగ్గాలు ఆడినప్పుడల్లా అవీ ఊగుతున్నాయి. కనకయ్య ఏదో చెబుతున్నాడు, నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఇరవై నిమిషాలో, ముప్ఫయ్యో. మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా లేచి నిలబడుతున్నాను.

చివరికి సైకిల్‌ని భుజాన వేసుకుని చెమటలు కారుతూ వచ్చింది. "అరె సార్, మీరా! కేమ్ ఛో?" అంది. సైకిల్ తాళం పోయిందని, రెండు పేటలు అవతల ఉన్న స్నేహితురాలి ఇంట్లో వెతకడానికి వెళ్ళి వస్తోందట. చేతిలో టీ గ్లాసు అప్పుడు కింద పెట్టాను.

సైకిల్‌ని తిరగేయమన్నాను. ఇసుక కాగితంతో పసుపు రంగు గీకాను. తెల్లటి లోహం బయటపడింది. ఎర్ర ద్రవం చల్లాను. పది నిమిషాలు ఆగాలి. తుడిచాను. తెల్ల పొడి కొట్టాను.

పొడి ఆరుతూండగానే వచ్చేసింది. నవంబర్‌లో రెండు సెంటీమీటర్లు. ఇప్పుడు గొట్టం చుట్టూ సగానికి పైగా, ఎర్రగా.

మిషన్ల మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కనకయ్య వంగి, ఈసారి పూర్తిగా వంగి చూశాడు.

"గిది ఎప్పటి సంది ఉంది సార్?"

"నవంబర్ పద్దెనిమిది నుంచి." తారీఖుతో సహా చెప్పాను. వృత్తి అలవాటు.

"అంటే మాకు అమ్మక ముందల."

"అవును."

"మీకెరుకేనా?"

"పెయింట్ అనుకు..." అన్నాను. అక్కడ ఆగాను. "తెలుసు కనకయ్యా. తెలుసు."

వజ్రమ్మ వచ్చి, నేను సగం తాగిన టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కనకయ్య గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "సాంచెకు పర్రె వడితె నేను బంద్ జేస్త సార్. షేటు తిట్టినా బంద్ జేస్త, ఆ పూట కూలీ వోయినా బంద్ జేస్త. దాని ముంగట మనిషి నిలవడుతడు గదా. నేను ఆరో తరగతి సదివిన. మీరు ఎంత సదివిన్రు?"

సైకిల్‌కి వాళ్ళిచ్చిన డబ్బంతా కవరులో వేసి తెచ్చాను, అది బల్ల మీద పెట్టాను. అతను దాని వైపు చూడలేదు. ఇందుజ తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్నే చూస్తూ అంది.

"పైసలు సరే సార్. రేసు ఫిబ్రవరి పది. ఇంక మూడు వారాలు. నాకు సైకిల్ ఎట్ల?"

"నేను... ఎక్కడైనా చూసి..."

"మీ కొత్తది ఇవ్వండి."

నా కార్బన్ సైకిల్ మూడు వందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా పూర్తిగా తీయలేదు. అదే పోటీకి నేనూ ఫారం నింపాను. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. ఈ పరిస్థితిలో కూడా వచ్చాయి, అదీ నా గొప్పతనం.

"రేపు తెస్తాను" అన్నాను.

20 జనవరి, ఆదివారం

కొత్త సైకిల్ లింబాయత్‌లో ఇచ్చి, పాతది ఇంటికి తెచ్చుకున్నాను. గోడకి ఆనించి, హ్యాండిల్ పట్టుకుని, పెడల్ మీద నా బరువంతా వేసి నిలబడ్డాను.

మూడోసారికి విరిగింది.

21 జనవరి

సీతకి అంతా చెప్పాను. విరిగిన రెండు ముక్కలూ బాల్కనీలో ఉన్నాయి, చెప్పకపోయినా అడిగేది. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివరికి అంది: "ఆ రోజు వాళ్ళకి టీ ఇచ్చింది నేను."

ఇంకేమీ అనలేదు.

23 జనవరి

ఇంకా ఏమీ అనలేదు. తెనాలి అని బెదిరించే రోజులు ఎంత బాగుండేవి.

27 జనవరి, ఆదివారం

ఇందుజకి సీటు ఎత్తు సరిచేయడానికి వెళ్ళాను. గుమ్మం బయటే పని చేసుకున్నాను. కనకయ్య తలుపు దగ్గర నిలబడి నా చేతుల వైపే చూస్తున్నాడు. ప్రతి నట్టు బిగించాక అతను వచ్చి మళ్ళీ బిగించి చూశాడు. ఒక నట్టు అతని చేతిలో పావు చుట్టు తిరిగింది కూడా. నాకేసి చూశాడు. తల దించుకున్నాను.

8 ఫిబ్రవరి, శుక్రవారం

గోవా రైల్లో రాస్తున్నాను. కూతుర్ని నాతో ఒంటరిగా పంపడం ఇష్టం లేక కనకయ్య కార్ఖానాకి సెలవు పెట్టి వచ్చాడు. ఆ మాట అతను అనలేదు. నాకూ ఇందుజకీ మధ్యలో కూచున్నాడు, అంతే. వజ్రమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు విప్పి ఇందుజకి పెట్టాడు, తను తిన్నాడు. కాసేపటికి ఒకటి నాకేసి జరిపాడు, కిటికీ బయటికి చూస్తూ.

10 ఫిబ్రవరి, ఆదివారం

ఇవాళ పోటీలో నా పని అరటిపళ్ళు పట్టుకోవడం. బాగా పట్టుకున్నాను.

అమ్మాయిల్లో అందరికంటే ముందు సముద్రంలోంచి బయటికొచ్చింది ఇందుజ. నీళ్ళు కారుతూ ఇసుక మీద పరిగెత్తుతుంటే, కనకయ్య అంతమంది జనంలో "బిడ్డా! బిడ్డా!" అని అరిచాడు. సైకిల్ ఎక్కగానే అరుపు ఆగిపోయింది. ఆమె మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఇరవై రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"బండి మొత్తం జూసిన్రా సార్?"

"చూశాను."

"కింద గూడ?"

"కింద కూడా. పొద్దున మూడుసార్లు."

తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. నలభై కిలోమీటర్లు తిరిగి వచ్చేదాకా ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. ఎండకి తల మాడుతున్నా ఇద్దరిలో ఒక్కరమూ నీడలోకి పోలేదు. దూరంగా నల్లటి సైకిల్ కనబడగానే కనకయ్య చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ఎవరిది పట్టుకున్నాడో తెలియగానే వదిలేశాడు.

పరుగులో ఇద్దరు దాటేశారు. మూడో స్థానం. మెడలో పతకం వేస్తుంటే పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. నేను చప్పట్లు కొట్టాను. అరటితొక్కలు చేతిలోనే ఉండిపోయాయి.

17 ఫిబ్రవరి, ఆదివారం

సైకిల్ తిరిగి వచ్చి నాలుగు రోజులైంది. ఇందుజ తుడిచి, చెయిన్‌కి నూనె పెట్టి మరీ తెచ్చిచ్చింది. నేను ఇంకా ఎక్కలేదు. సీత, "అదేమిటి, ఎక్కడానికి కాదా కొన్నది?" అంది. నెల రోజుల్లో నాతో ఆమె మాట్లాడిన పెద్ద వాక్యం ఇదే.

ఇవాళ మధ్యాహ్నం తలుపు కొడితే తీశాను. కనకయ్య. ఒక్కడే. అదే ఇస్త్రీ చొక్కా. కూచోమన్నాను, కూచోలేదు. సీత టీ పెట్టనా అని అడిగితే, కొంచెం ఆగి "పెట్టమ్మా" అన్నాడు.

"మా పోరి బొంబాయిల ఒక సైకిల్ జూసింది సార్. ఎవలో పాతది అమ్ముతున్నరంట. బేరం మంచిగనే ఉంది." చొక్కా జేబులోంచి చిరునామా కాగితం తీసి నాకిచ్చాడు. "మీరొచ్చి చూడాలె."

వెటకారం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, ఈసారి రాలేదు. "నన్నా? నన్ను నమ్ముతావా కనకయ్యా?"

"నమ్ముడు గాదు సార్." గోడకి ఆనించిన నల్ల సైకిల్ వైపు చూస్తూ మాట్లాడాడు. "అప్పుడు మీకు భయం లేకుండె. ఇప్పుడు ఉన్నది. ఆ రోజు మా ఇంట్ల మెట్ల మీద ఎవలు నడిచినా మీరు లేచి నిలవడ్డరు, నేను జూసిన. గంత భయపడ్డోడు మంచిగ జూస్తడు."

టీ వచ్చింది. ఈసారి కూచున్నాడు. కప్పు రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ మెల్లగా తాగాడు. సీత నాకూ ఒక కప్పు తెచ్చి పెట్టింది.

ఏ రోజు వెళ్దామని అడిగాను.